మొదటి బిందె

మాకు మిగిలిన రెండెకరాల చేను ఆ ఆదివారం రొయ్యల చెరువు కాబోతోంది. చుట్టూ అప్పటికే అన్నీ చెరువులే. కప్ప అరుపు వినిపించేది మా గట్ల మీదే.

రాజమహేంద్రవరం కాలేజీ పరిశోధకురాలు ఒకావిడ, ఆమెతో కలిసి పనిచేసే విదేశీ శాస్త్రవేత్త ఒకాయన అంతకుముందే వచ్చి చూసి వెళ్ళారు. కప్ప కాలివేలి కొస కొంచెం తీసి, అందులోని జీవకణాలను గడ్డకట్టించి దాస్తారట. సగం ఇక్కడ, సగం వాళ్ళ దేశంలో. ఆ జాతి రేపు లేకపోయినా కణాలు బతికే ఉంటాయన్నారు. కణాలు దాచే గొట్టం మీద కప్ప దొరికిన చోటు పేరు రాస్తామంటే మా చేను పేరు చెప్పాను. ఆ చేనులో నాకు మిగలబోయేది అదొక్కటే.

ఎంత వెతికినా ఒక్కటే దొరికింది, వెన్నుమీద నిలువు చార ఉన్నది. బకెట్లో నీళ్ళు పోసి, తడి గోనె కప్పి పెరట్లో పెట్టాను. అదెందుకో ఇంట్లో చెప్పలేదు. వాళ్ళు మర్నాడు వస్తారు.

సాయంత్రం వీధిలో పాట వినిపించింది. వానల్లేక ఆడవాళ్ళు కప్పతల్లిని తీశారు. రోకలికి కప్పను, వేపమండలను కట్టి ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటివాళ్ళూ దానిమీద నీళ్ళు పోస్తారు. మా ఊళ్ళో మొదటి బిందె మా ఇంటిది, అదీ ఇంటిపెద్ద చేత్తోనే. భూములు పోయాయి, మేడ పోయింది, ఇది పోలేదు.

కండువా వేసుకుని గుమ్మంలోకి వచ్చాను. పసుపు కింద వెన్నుమీది చార కనిపించింది. నా బకెట్లోదే.

"ఊరంతా వెతికాం బాబుగారండీ, ఒక్క కప్ప లేదు," అంది రోకలి మోస్తున్నావిడ. "అమ్మగారే ఇచ్చారు."

"తల్లి మనింటి నుంచే బయలుదేరితే మర్యాదగా ఉంటుందనండీ," అంది మా ఆవిడ.

వెనక నుంచి ఇంకొకావిడ నవ్వింది. "గట్టిగా పొయ్యండి బాబుగారూ! చెంబుడు పోస్తే వానా అలాగే పడుద్ది!"

రోకలి నా ముందుకు వంగింది. విప్పమని అడగవచ్చు. వీధి గుమ్మంలో నిలబడి మా ఇంటివాళ్ళెవరూ ఎప్పుడూ ఏదీ అడగలేదు. బిందె ఎత్తి పోశాను.

ఊరు తిరగడం అయ్యాక, ఆనవాయితీ ప్రకారం దాన్ని పెద్ద కాలువలో వదిలేశారు.

మర్నాడు వాళ్ళిద్దరూ వచ్చారు. జరిగింది చెప్పాను. పొద్దు వాలేదాకా గట్టు మీద కూర్చున్నాం. ఏదీ అరవలేదు. "ఇంకెక్కడైనా ఉంటాయేమోలెండి," అందావిడ. ఆయన మా చేను పేరు రాసిన ఖాళీ గొట్టాన్ని కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు. కాఫీ ఇప్పించి కారు దాకా సాగనంపాను.

ఆదివారం పొక్లెయిన్ వచ్చింది. వాన రాలేదు. నేల పొడిగా ఉంది, పని తొందరగా అయిపోతుందండీ అన్నాడు డ్రైవరు.