అంచు విడిచిన చేను

గోగులపర్రలో సాగు భూములకు చిట్టచివర, ఉప్పు కాలువను ఆనుకొని ఉన్నది దీనమ్మ చేను. కోతల వేళ ఆ కాలువ వైపు బారెడు వెడల్పున ఆమె కొడవలి పెట్టదు. రాలిన పరిగె ఏరుకొనే పేదలకు పొలం అంచు విడవాలని బైబిలు వేదగ్రంథంలో ఉన్నదని చెప్పి ఆ ఆనవాయితీని ఆమె అత్తగారు నేర్పారు. క్రమేణా ఆ అంచు చౌడెక్కి వరి మొలవడం మానింది. పోటునీటితో కొట్టుకొచ్చిన మడచెట్ల కాయలు అక్కడ వేళ్ళూనాయి. మడ పెరిగితే పక్షులు చేరి గింజ మిగల్చవని తక్కిన రైతులు తమ గట్లపై మొలిచిన మొక్కలను పీకివేశారు. ఒకసారి విడిచిన అంచు ఇక తనది కాదని దీనమ్మ వాటి జోలికి పోలేదు.

పక్క చేను ఆమె మరిది ఎజ్రాది.

"అంచు కొంగలకి కౌలుకిచ్చారా ఏంటండి, వదినగారూ?" అనేవాడు అతడు.

"నీకంటే నెమ్మదస్తులులే. నోరు చేసుకోవు" అనేది ఆమె.

ఒక తుఫానుకు సముద్రం కాలువ వెంట ఎగదన్నింది. మడవేళ్ళు పట్టి ఉంచిన దీనమ్మ గట్టు నిలిచింది. ఎజ్రా గట్టు కొట్టుకుపోయి, చేను ఉప్పుతేలింది. రెండు పంటలు పోగొట్టుకొని, అతడు రొయ్యల చెరువు తవ్వించడానికి సిద్ధమయ్యాడు.

ఆ సమయంలోనే భూవినియోగ ప్రణాళిక ముసాయిదా ఊరికి వచ్చింది. పటంలో శివారు భూములన్నీ చెరువుల కిందికి, నీలిరంగులోకి పోయాయి. తన ఏకైక చేను కూడా ఆ నీలంలో మునిగి ఉండడం దీనమ్మ చూసింది. వ్యవసాయాధికారి ఉమాశ్రీ గ్రామసభలో ఒక దారి చూపింది. కాలువ ఒడ్డు రైతులందరూ తమ అంచులను మడకు విడిచిపెడితే, వెనుక భూమిని శాశ్వతంగా వరికే ఉంచమని తాను ప్రతిపాదిస్తానన్నది. అయితే నడుమ ఒక్క చెరువు వెలసినా దాని ఉప్పు ఇరువైపులా ఊరుతుంది గనుక, అందరి సమ్మతీ కావాలన్నది. అందరూ తలలూపారు. ఎజ్రా ఊపలేదు.

"కొంగలకి మడ, ఊరికి వరి. బాగానే ఉందండి. మరి నా పిల్లలు ఉప్పు వండుకు తింటారా?"

దీనమ్మ లేచి నిలబడింది.

"నా చేను నువ్వు చెయ్యి, ఎజ్రా. నీది నేను చేస్తాను. అది పండిననాడు ఎవరిది వాళ్ళం తీసుకుందాం."

"పండకపోతేనో?"

"నాది నీకే ఉండిపోతుంది."

సభలో కలకలం రేగింది. ఎజ్రా సరేనన్నాడు. సవరించిన పటంలో శివారు పచ్చబడింది. కాలువ వెంట ముదురాకుపచ్చ గీత ఒకటి చేరింది.

రైతులందరూ కలిసి గట్లు పోసి, వాటి ముందు మడకాయలు నాటారు. దీనమ్మ ఎజ్రా చేనులో పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి, పూతకు ముందే దున్నించింది. పంట కాలువ తీపినీరు చేనులో నిలగట్టి, ఉప్పు కరిగాక మురుగు కాలువలోకి తీసింది, మళ్ళీ నింపింది. అయినా ఆ వానాకాలం తొలి సార్వా నాట్లు ఎర్రబడి మాడిపోయాయి. ఆ సాయంకాలం గట్టు మీద కూర్చొని, అవతల మరిది చేతిలో విరగపండిన తన చేనును చూసి ఆమె కంటతడి పెట్టుకొన్నది. మరుసటి సార్వాకు పైరు దుబ్బు కట్టింది గాని తాలు తేలింది. ఆమె మాత్రం నీరు పెట్టడం, తీయడం మానలేదు.

మూడో సార్వాకు ఎజ్రా చేను బంగారమైంది. మడ నడుమెత్తు పెరిగింది. అందరూ భయపడిన కొంగలు పీతలనే ఏరుకుతిన్నాయి.

లూథరన్ చర్చిలో కోత పండుగనాడు దీనమ్మ ఆ చేని తొలి వరికట్టను, పనను, తలపై పెట్టుకొని నడవా వెంట నడిచింది. ఊరు ఊరంతా లేచి నిలబడి దారి ఇచ్చింది. కానుకల వేలంలో ఆ పనకు మొదటి పాట ఎజ్రాది. ఆపై ఎవరూ పాట పెంచలేదు.

పనను భుజానికెత్తుకొని అతడు వదిన ముందు నిలిచాడు.

"నా చేను నాకిచ్చేయండి, వదినగారూ. మీది మీరు తీసుకోండి. మూడేళ్ళూ మీ అంచులో కొడవలి పెట్టలేదండి."

"మరి నీ అంచు?"

"కొంగలకి కౌలుకిచ్చేశానండి" అన్నాడు ఎజ్రా.

దీనమ్మ నవ్వు చర్చి బయటి దాకా వినిపించింది.