గాలిబుడగకు మర్యాదలు తెలియవు

నిరుడు మా అమ్మ కంటికి కార్నియా మార్పిడి జరిగింది. పూర్వం కార్నియా మొత్తం మార్చి కుట్లు వేసేవారట. క్లినికల్ ట్రయల్స్‌లో ఎందరో రోగులను పోల్చి చూశాక, అమ్మలాంటి వాళ్లకు లోపలి పల్చని పొర మారిస్తే చాలని తేలిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ పొరను కంటిలో నింపిన గాలిబుడగే పట్టి ఉంచుతుంది. ఆ బుడగ పైకి తేలి పొరను అదిమి ఉంచాలంటే ఒకటి రెండు రోజులు వెల్లకిలా పడుకోవాలి.

మర్నాడు బాబుపేట్‌లోని మా ఇంటికి పెద్దబాపు, అంటే నాన్న అన్నయ్య, వచ్చాడు. బావ ముందు పడుకోవడమా అని అమ్మ గభాలున లేచి, కొంగు కప్పుకుని, వంగి కాళ్లు మొక్కింది.

"అమ్మా, పండుకో!" అని అరిచాను.

"గింత సేపట్ల ఏమైతది బిడ్డా? పెద్దోళ్లొస్తే లేవద్దని మీ కాలేజీల చెప్పిన్రా?" అన్నాడు పెద్దబాపు.

"గా పొర ఎవరో సచ్చిపోతూ ఇచ్చిన్రు పెద్దబాపూ! నీ మర్యాద జర పక్కకు వెట్టు!"

ఆయన చాయ్ ముట్టకుండా వెళ్లిపోయాడు. ఆసుపత్రిలో చూస్తే పొర ఒకపక్క ఊడింది. మళ్లీ గాలి నింపారు. ఈసారి గుమ్మంలో నేనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను.

అమ్మ ఇప్పుడు మా పాప ముఖం చక్కగా చూస్తోంది. పెద్దబాపు మాత్రం నాతో మాట్లాడడు. పాప నిద్రపోయాక ఇది రాస్తున్నా, నా కోపం చల్లారలేదు. ముక్కూమొహం తెలియని వాళ్లెందరో తమ కళ్లు ఆ ట్రయల్స్‌కు అప్పగించారు. ఇంట్లో ఆడమనిషిని ఒక్క పూట పడుకోనివ్వడం మనవల్ల కాలేదా?