వరసలో నిలబడిన బాతులు

ఆ రోజుల్లో తెలియని సంగతి ఎదురైతే, తెలియదని చెప్పడం నామోషీ అనుకునేవాళ్ళం. నేను తలూపి ఊరుకునేదాన్ని. మావారైతే సలహా కూడా ఇచ్చేవారు. ఎనభైల మొదట్లో అమెరికాలో, షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో మా పక్కింటి పెద్దాయన బాతుల వేట గురించి మాట్లాడితే, "మాది కొల్లేరు పక్కనే, నాకు అలవాటే" అనేశారు మావారు (ఆయన కొల్లేరు చూసింది బస్సు కిటికీలోంచి). పెద్దాయనకి భుజం ఆపరేషన్ ఉంది. ఆ తర్వాత తుపాకీ పట్టొద్దన్నారట డాక్టర్లు. అంచేత ఆఖరిసారి వేటకి సాయం రమ్మన్నారు. ఈ అలవాటేమిటో చూద్దామని నేనూ బయల్దేరాను.

తెల్లవారకముందే నీళ్ళలోకి దిగి, నిజం బాతులు చూసి మోసపోయి దిగేలా రెండు డజన్ల బొమ్మబాతుల్ని వదలడం మావారి పని. తర్వాత ముగ్గురం రెల్లుతో కట్టిన మాటులో నక్కి కూర్చున్నాం. వెలుగు రాగానే పదీ పన్నెండు బాతులు వచ్చాయి. దిగుతాయనుకుంటే దిగవు. ఓసారి ఎత్తున చుట్టి వెళ్ళాయి, ఇంకోసారి కిందుగా. ముందున్న ఆడబాతు మెడ వంచి ఒక కంటితో మా వైపే చూసింది. మూడోసారి రెక్కల చప్పుడు వినబడేంత దగ్గరికొచ్చి, అది ఒక్క అరుపు అరిచేసరికి అన్నీ పైకి లేచిపోయాయి. తర్వాతి గుంపూ అంతే.

"నీ ముక్కు మీద ఏదో మెరుస్తోంది" అన్నారు పెద్దాయన మెల్లగా. ముక్కుపుడక మీదుగా మఫ్లర్ కట్టుకున్నాను. అయినా దిగలేదు. ఇవి దేన్ని చూసి బెదురుతున్నాయని నాకు ఒకటే కుతూహలం. అవతలి ఒడ్డున నిజం బాతులున్నాయి. రెండు ఇక్కడ, మూడు అక్కడ, అన్నీ గాలికి ఎదురుగా. మావి చూస్తే నాలుగు వరసలు, వరసకి ఆరు.

"ఏమండీ, వాటిని స్కూల్లో ప్రేయర్‌కి నిలబెట్టినట్టు పెట్టారేంటండీ?"

"స్పేసింగ్ ఈక్వల్‌గా ఉంటే నీట్‌గా ఉంటుంది కదే" అన్నారు మావారు. ఆయన ఉద్యోగం డ్రాఫ్టింగ్‌లో, స్కేలు పెట్టి ప్లాన్లు గీయడం.

సంగతి ఇంగ్లీషులో చెబితే పెద్దాయన కళ్ళజోడు తగిలించుకుని చూసి, చప్పుడు బయటికి రాకుండా కడుపు పట్టుకుని నవ్వారు. మావారు మళ్ళీ నడుం లోతు చన్నీళ్ళలోకి దిగి బాతుల్ని చెదరగొట్టి, మధ్యలో ఖాళీ వదిలి వచ్చారు.

ఈసారి గుంపు ఒక్క చుట్టే తిరిగింది. రెక్కలు వంచి, కాళ్ళు ముందుకి చాపి, తిన్నగా ఆ ఖాళీలోకి దిగుతున్నాయి. పెద్దాయన తుపాకీ ఎత్తారు. "కాళ్ళు చూడండి, నారింజపండు రంగు" అని అరుస్తూ నేను లేచి నిలబడ్డాను.

క్షణంలో ఆకాశం ఖాళీ. మావారు నా వైపు చూడలేదు. పెద్దాయన తుపాకీ దించి, "కాళ్ళ రంగు నాకు తెలుసమ్మా. ఒట్టిచేతులతో ఇంటికెళ్ళి మా ఆవిడకి ఏం చెప్పాలో అదే తెలియడం లేదు" అన్నారు. ఆ పూట వాళ్ళిద్దరికీ మా ఇంట్లోనే భోజనం. ఆవిడ వంకాయకూర రెండుసార్లు వడ్డించుకుంది, బాతుల ఊసెత్తలేదు.

ఆయన మళ్ళీ వేటకి వెళ్ళలేదు. చాన్నాళ్ళు నాకు అదో బాధ. ఇప్పుడు ఆయన వయసు నాకూ వచ్చింది, చెరువుగట్టున గంటసేపు కదలకుండా కూర్చోగలను. అప్పటి నేను, ఆ ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి, ఇప్పుడు నా పక్కనుంటే అరవొద్దనైతే చెబుతాను. లేచి చూడొద్దని మాత్రం చెప్పలేను.