బయాస్‌కి నాలుగు ముహూర్తాలు

పట్టాభిరామయ్యగారు నలుగురినీ అడగకుండా ఏ పనీ చెయ్యరు. అడిగాక కూడా చెయ్యరు. ఏలూరులో ఒకే కాలేజీలో ఇరవై రెండేళ్లు ఆయనా నేనూ ఫిజిక్స్ చెప్పాం కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. రైతుబజారులో వంకాయలు చేత్తో పట్టుకుని, పక్కన నిలబడ్డ ముక్కూ మొహం తెలియని ఆవిణ్ణి "ఏమంటారండీ, పుచ్చులుంటాయంటారా?" అని అడుగుతుంటే, నేను సిగ్గుతో చచ్చి టమాటాల వైపు జరిగిపోయేవాణ్ణి. ఆవిడ ఉండవంటే ఇంకొకావిణ్ణి అడిగేవారు. ఈలోగా వంకాయలు అయిపోయేవి.

అలాంటి మనిషికి ఈ వేసవి చివర్లో ఓ ధర్మసందేహం వచ్చింది. లాప్‌టాప్‌లో బయాస్ అప్‌డేట్ చెయ్యాలా, వద్దా? బయాస్ అంటే మీట నొక్కగానే అందరికంటే ముందు లేచి, తక్కిన మిషనంతటినీ లేపే ప్రోగ్రాం. దాన్ని మారుస్తుండగా కరెంటు పోతే లాప్‌టాప్ ఇక లేవకపోవచ్చు. ఆయన లాప్‌టాప్‌కి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఇంకేముంది, ఊరంతటికీ పని దొరికింది.

పాలాయన్ని అడిగారు. బ్యాంకు క్యూలో ముందువాణ్ణీ వెనకవాణ్ణీ అడిగారు. తణుకు బస్సులో కండక్టర్ని అడిగితే, ముందు మీరెక్కడ దిగుతారో చెప్పండన్నాడట. అడిగించుకున్న ప్రతివాణ్ణీ చివరికి చెయ్యి పట్టుకుని పవరుపేటలో సింధూరి షాపుకి లాక్కెళ్లేవారు.

సింధూరి మా ఇద్దరి దగ్గరా చదువుకున్న పిల్ల. కంప్యూటర్ రిపేరు షాపు పెట్టింది. వాళ్ల నాన్న వీరవెంకటరమణగారిది బెల్లం హోల్‌సేలు. తన కొట్టు పక్కగది కూతురికిచ్చి, శ్రావణం వెళ్లేలోగా గిరాకీ రాకపోతే షాపు ఎత్తేసి అందులో బెల్లం దిమ్మలు పెడతానని గడువు పెట్టారు. మన ఊరి పెద్దమనుషులు తక్కువ తిన్నారా? స్క్రూడ్రైవరు పట్టుకున్న ఆడపిల్లని చూసి, "షాపులో మగవాళ్లెవరూ లేరామ్మా?" అని అడిగి, లేరంటే మర్యాదగా వెళ్లిపోయేవారు. దాచడమెందుకు, నేనూ నా లాప్‌టాప్‌ని విజయవాడ పంపించాను.

పట్టాభిరామయ్యగారిది పురోహితుల వంశం. పంచాంగం తిరగేసి, బుధవారం పదిన్నరకి సింధూరి షాపులో అప్‌డేట్‌కి ముహూర్తం పెట్టారు. ఆషాఢంలో ముహూర్తమేమిటని భార్య హైమావతిగారు కోప్పడితే, మిషన్లకి ఆషాఢం పట్టింపు లేదన్నారు. నాలుగు మూలలా పసుపు బొట్లున్న శుభలేఖ వాట్సాప్‌లో అందరికీ వచ్చింది. సకుటుంబంగా విచ్చేసి బయాస్ విషయమై తమ అభిప్రాయం సెలవియ్యమని ప్రార్థన. పోల్చి చూడ్డానికి ఎవరి లాప్‌టాప్ వాళ్లు తెచ్చుకోవాలని కింద చిన్నక్షరాలు.

పద్దెనిమిదిమంది వచ్చారు. సరిగ్గా పదిన్నరకి ఆయన లైన్‌మన్ జాకబ్‌కి ఫోన్ చేసి, పావుగంట సేపు కరెంటు పోదని మాట ఇమ్మన్నారు. నేనెలా చెప్పగలనండీ అన్నాడు జాకబ్. అంతే, ముహూర్తం వాయిదా. వచ్చినవాళ్లు ఊరికే పోతారా? సుబ్బలక్ష్మిగారి కీబోర్డులో ఇరుక్కున్న బియ్యపుగింజని సింధూరి అందరూ చూస్తుండగా రెండు నిమిషాల్లో తీసింది. ఆడిటరు కృష్ణచైతన్య లాప్‌టాప్ ఫ్యానులోంచి పిడికెడు దుమ్ము దులిపింది.

రెండో ముహూర్తానికి ముప్ఫైమంది పోగయ్యాక వర్జ్యం ఉందని ఆయనకి గుర్తొచ్చింది. మూడోసారి కరెంటు నిజంగానే పోయింది. నేను చెప్పలేదూ అన్నట్టు ఆయన అందరి మొహాలూ చూశారు. ఆ రోజు ఆయన పీక నొక్కుదామనిపించింది.

నాలుగో ముహూర్తం శ్రావణంలో పడింది. గడువింకా పదిరోజులే. ఆయన ఎవరో పెద్దాయన్ని పట్టుకుని చెయ్యమంటారా, మానమంటారా అని మళ్లీ మొదలెట్టేసరికి నాకు ఒళ్లు మండింది. ఆ లాప్‌టాప్ లాక్కుని, నేనే చేసేద్దామని ఆన్ చేసి, ఎఫ్ టూ మీట నొక్కి బయాస్ తెరిచాను. కొత్త వెర్షన్ నంబరు సింధూరి గోడమీద బోర్డులో రాసిపెట్టి ఉంది, 1.19 అని. తెరమీదా 1.19 అనే ఉంది.

పట్టాభిరామయ్యగారు వచ్చి మెల్లగా మూత మూసేశారు.

"ఎప్పుడు చేశారండీ?" అన్నాను.

"మార్చిలోనండి. ఒక్కణ్ణే కూర్చుని చేసేశాను. ఐదు నిమిషాలు పట్టింది."

"మరి ఊరందరినీ ఇలా తిప్పటం ఎందుకండీ?"

"కాస్త మెల్లగా అనండి, వెనక ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. ఆ పిల్ల పని కళ్లారా చూస్తేగాని మనవాళ్లు నమ్మరు. ఊరికే రమ్మంటే ఎవరొస్తారండీ? సలహా చెప్పమంటే మాత్రం కైకలూరు నుంచైనా వస్తారు."

నాకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. విజయవాడకి లాప్‌టాప్ పంపించిన నేను, ఈయన్నా ఇన్నాళ్లూ వెక్కిరించింది?

ఇంతలో వీరవెంకటరమణగారు లోపలికొచ్చారు. బల్లమీద వరసగా ఉన్న లాప్‌టాప్‌లనీ, తలెత్తే తీరిక లేని కూతుర్నీ కాసేపు చూశారు. పట్టాభిరామయ్యగారి పక్కకొచ్చి గొంతు తగ్గించారు.

"మాస్టారూ, బెల్లానికి వెనకవీధిలో వేరే గది చూశానండి. అద్దె కాస్త ఎక్కువే చెబుతున్నారు. తీసుకోమంటారా, ఇంకా నలుగురినీ అడిగి చూడమంటారా?"

"తీసేసుకోండి," అన్నారు పట్టాభిరామయ్యగారు, ఎవరినీ అడక్కుండా.