ఒకే కర్రకు రెండు జెండాలు

మొన్న మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఎన్నికల సభ జరిగింది. వేదిక పక్కన ఒకే వెదురు కర్రకు పైనొకటి, కిందొకటి రెండు పార్టీల ఎర్రజెండాలు ఎగరేయడానికి సిద్ధంగా కట్టారు. కలిసి పోటీ చేస్తున్నారట. వచ్చినవాళ్ళంతా సంతోషపడుతుంటే నాకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రెండూ ఒకప్పుడు ఒకటే పార్టీ. మా నాన్న, చిన్నాన్న రైల్వే వర్క్‌షాపులో ఒకే షిఫ్టు, పక్కపక్క క్వార్టర్లు. చైనాలో ఎవరో ఏదో అన్నారని ఇక్కడ పార్టీ చీలింది, మా పెరట్లో కంచె లేచింది. నాన్న ఇటు, చిన్నాన్న అటు. కార్మికులంతా ఏకం కావాలని ఇద్దరూ ఉపన్యాసాలిచ్చేవారు, ఇంటికొచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. అమ్మా పిన్నీ మాత్రం ఏ తీర్మానమూ లేకుండానే కంచె మీంచి పులుసు గిన్నెలు అందించుకునేవారు. చిన్నాన్న పార్టీ మళ్ళీ చీలినప్పుడు అమ్మ, "ఇలాగయితే జెండాకి గుడ్డ మిగల్దు" అంది. నాన్న నవ్వు కనబడకుండా పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

నాన్న పోయిన రోజు ఆయన పార్టీవాళ్ళు ఆనవాయితీ ప్రకారం శవం మీద జెండా కప్పారు. చిన్నాన్న తన జెండా మడిచి చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"ఇది కప్పమనను. పాడె మోస్తాను, అంతే" అన్నాడు.

నాన్న పార్టీ కార్యదర్శి అడ్డం నిలబడ్డాడు. "వద్దు అన్నా. నువ్వు భుజం పెడితే రేపు మీవోళ్ళు ఏటి సెప్పుకుంతారో మాకు తెల్దా?"

గుమ్మం మాది, శవం మా నాన్నది. అయినా ఇంట్లో ఒక్కరికీ నోరు పెగల్లేదు. చిన్నాన్న రోడ్డు దాటి, అవతలి పక్కనుంచే శ్మశానం దాకా ఒంటరిగా నడిచాడు.

మొన్నటి సభలో జెండాలు ఎగరేయడానికి బతికున్నవాళ్ళలో పెద్దాయనని ఆ చిన్నాన్ననే పిలిచారు. బ్యాటరీ రిక్షా టోటోలో నేనే తీసుకెళ్ళాను. మెడలో దండ వేశారు. ఆయన తాడు పట్టుకోలేదు. వెదురు కర్రని కాసేపు నిమిరి, నావైపు తిరిగాడు.

"ఏటమ్మా, మీ నాన్న పాడె కాడ నా ఒక్క భుజానికి సోటు లేకపోనాది. ఈ కర్రకి ఇప్పుడు రెండు జెండాలకీ సోటెలాగొచ్చినాది?"

చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. పార్టీలు కలవడానికి ఎన్ని ఎన్నికలైనా వస్తాయి. నాన్న పాడె లేచింది మాత్రం ఒక్కసారే.