ఉలవల మీద కారు

కూర్చున్నచోటల్లా వీరేష్ రెండు చేతులూ తొడలకు జానెడెత్తున గాలిలో ఆగి ఉంటాయి, వేళ్లు కొంచెం వంగి. బస్సులో అయినా అంతే, పెళ్లి పందిట్లో అయినా అంతే. లారీ తోలిన పన్నెండేళ్లలో ఈ అలవాటు లేదు. రెండేళ్లుగా తనంతట తాను నడిచే కారులో డ్రైవరు సీట్లో కూర్చుంటున్నాడు. స్టీరింగు దానంతటదే తిరుగుతుంది. అతను ముట్టకూడదు. ముట్టవలసి వస్తే ఆలస్యం చేయకూడదు.

ముట్టిన ప్రతిసారీ కారణం చెప్పాలి. వెనక సీట్లో ధర్మవరం ఇంజనీరు హర్ష రాసుకుంటాడు. ఆ రాతలూ, కెమెరాలు తీసిన బొమ్మలూ కంపెనీకి పోతాయి. వాటితోనే కారుకు నడక నేర్పుతారు.

మొదటి ఏడు, కంబదూరు రోడ్డు మీద పరిచిన ఉలవ పంటను చూసి కారు ఆగిపోయింది. ఆ పంట పరిచిన రైతు తిమ్మక్క చీపురు పట్టుకొని అద్దం దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, నిలబెట్టేసినావు? చక్రాలు తొక్కితేనే గదా గింజ రాలేది. మీ కారుకు ఉలవలంటే భయమా?"

"కొత్త పెండ్లికూతురక్కా, సిగ్గుపడతాండాది," అన్నాడు వీరేష్.

"నేనేమన్నా దాని అత్తనా? తొక్కమను."

హర్ష నవ్వాడు. "నిజంగా పోవచ్చునా అన్నా?"

"పోవాల. ఈడ అందరూ పోతారు. ఇది రోడ్డేనని రాసుకో."

హర్ష రాసుకున్నాడు. అలాంటి నలభై చోట్ల వీరేష్ అదే మాట చెప్పాడు. మరుసటి ఏడు కారు ఉలవల దగ్గర ఆగడం మానేసింది. ఆ సంగతి అతను ఇంట్లో రెండుసార్లు చెప్పుకున్నాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, అదే చోటు. కారు వేగం తగ్గలేదు. కారు లోపలి తెర మీద దారి పచ్చగా ఉంది, అడ్డమేమీ లేదన్నట్టు. పంట ఒకచోట కొంచెం ఎత్తుగా కనబడింది. అలాంటి చోట లారీవాళ్లు హారన్ కొట్టి, నిదానించి ఎక్కుతారు. ఒకరు నేర్పేదీ కాదు, ఒకరు చెప్పుకునేదీ కాదు. వీరేష్ బ్రేకు తొక్కాడు.

కారు ఆగాక ఆ ఎత్తు కదిలింది. గోనెసంచి నెత్తిన కప్పుకొని, పంటలో కూలబడి అడుగున రాలిన గింజ ఎత్తుకుంటున్న తిమ్మక్క. బంపరుకూ ఆమెకూ మధ్య మూరెడు.

"హారన్ కొట్టేకి చేతులు లేవా నీకు?" అంది.

వీరేష్ బ్రేకు మీది కాలు తీయలేదు.

ఆమె పక్కకు పోయాక హర్ష మెల్లగా అన్నాడు: "'డ్రైవరు జాగ్రత్త' అని రాస్తాండానన్నా. అది కారు తప్పుల లెక్కలోకి రాదు. ఇంకా నాలుగు దినాలు ఇట్లే గడిస్తే ఈ రోడ్డు పాసైనట్లే. కారు తప్పని రాస్తే ఈడ పని ఎత్తేస్తారు. మళ్లా నీకు యాడ పని, నాకు యాడ పని?"

వీరేష్ తలూపి సంతకం పెట్టాడు. అట్లా రాస్తే కారు ఏమీ నేర్చుకోదు. అది ఇద్దరికీ తెలుసు.

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాడు. నలభై చోట్లూ వరసగా గుర్తుకొచ్చాయి. ఇప్పుడు ప్రతి చోటా పంటలో ఒక మనిషి వంగి ఉన్నట్టే కనబడింది.

మరునాడు పొద్దున హర్ష రాకముందే ఆఫీసుకు పోయి ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. 'డ్రైవరు జాగ్రత్త' కొట్టేశాడు. "కారుకు మనిషి కనబడలేదు. ఉలవలు తొక్కమని చెప్పింది నేనే. హారన్ కొట్టి చూసి ఎక్కాలని చెప్పలేదు. ఇట్లాంటివి నలభై చోట్లు ఉన్నాయి," అని రాశాడు. దాని కింద ఆ చోట్ల పేర్లు ఒక్కొక్కటే రాయసాగాడు.