మేనేజర్ గారి ఎడమ జేబు

మేనేజర్ గారు పోయారన్న కబురు నాకు ఒక పనిగా వచ్చింది. సోమవారం పొద్దున కంప్యూటర్ తెరిస్తే, ఫిలింనగర్‌లోని ఒక సినిమా కంపెనీ నుంచి పనుల జాబితాలో నా పేరు మీద ఒక వరుస ఉంది: "ప్రొడక్షన్ మేనేజర్ గారు శనివారం కాలం చేశారు. ఆయన అకౌంట్ తీసేయగలరు." వాళ్లు వాడే ఆ పనుల యాప్ తయారుచేసింది నేనే. అందులోంచి ఒక మనిషిని తీసేయడానికి రెండు క్లిక్కులు చాలు. మూడు రోజులైంది, నాకు చేతులు రాలేదు.

మీకు ఆయన తెలియదు. సినిమా అయిపోయి పేర్లు పడుతుంటే మనం చెప్పులు వెతుక్కుంటామే, అప్పుడు వచ్చేది ఆయన పేరు.

ఎవరిని కదిపినా యాప్ చేస్తున్నామని చెప్పే రోజులవి. మాదాపూర్‌లో మా ఆఫీసంతా కలిపి ఆరుగురం. షూటింగ్ పనులన్నీ ఫోనులో కనబడేలా చేయాలని ఆ సినిమా కంపెనీకి నన్ను పంపారు. నేను ఏసీ గదిలో కూర్చుని ఎవరికి ఏ హక్కులో గళ్లు గీసుకుని వెళ్లాను. నిర్మాత అన్నీ చూడొచ్చు, మేనేజర్ పనులు అప్పగించొచ్చు, మిగతావాళ్లు తమ పని చేసి 'అయింది' అని నొక్కొచ్చు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు.

"గిందుల లైట్‌మెన్లు ఏడున్నరు బిడ్డా?"

"మిగతావాళ్లలో ఉన్నారండీ."

"మిగతావాళ్లని ఎవ్వరుండరు. నడువు, ఫ్లోర్ మీద చూపిస్త."

మూడు రోజులు నన్ను సెట్లో తన వెంట తిప్పుకున్నారు. "ఎవరిది ఏ పోస్టో చూడకు. ఎవరు ఎవర్ని అడుగుతున్నరో చూడు. గదే నీ యాప్" అనేవారు. ఆయన యాప్ ఆయన చొక్కాలోనే ఉండేది. చెప్పిన ప్రతి పనికీ ఒక చీటీ రాసి ఎడమ జేబులో వేసుకునేవారు. అవతలి మనిషి నోటితో అందిందని చెబితేనే అది కుడి జేబుకు మారేది. సాయంత్రం ఎడమ జేబు తడుముకుని, ఖాళీగా ఉంటేనే యూసుఫ్‌గూడ ఇంటికి బండి తీసేవారు. నాకది ముసలి చాదస్తం అనిపించింది.

యాప్ మొదలైన రోజే నా తెలివి బయటపడింది. వ్యాన్ డ్రైవర్ భోజనాల క్యారియర్లు దింపి 'అయింది' అని నొక్కాడు. దింపింది పక్క సెట్లో. మా లైట్‌మెన్లు మూడింటిదాకా పస్తున్నారు. నేను ఫోను చూపించి, "ఇక్కడ అయిందనే ఉందండీ" అన్నాను, సిగ్గు లేకుండా. ఆయన అందరికీ అన్నం తెప్పించి, అందరూ తిన్నాక తను తిని, అప్పుడు నా దగ్గరికి వచ్చారు.

"పంపిన అన్నోడితోని పని ఒడవదు బిడ్డా. ముట్టింది అన్నోడితోనే ఒడుస్తది."

ఆ వారమే అంతా తిరగరాశాను. పని ముగించే బటన్‌ను చేసేవాళ్ల నుంచి తీసి, అందుకునేవాళ్లకు ఇచ్చాను. బటన్ మీద 'అందింది' అని కాకుండా ఆయన మాటే పెట్టాను: 'ముట్టింది'. తర్వాత నేను చేసిన ప్రతి యాప్‌లోనూ ఆ పద్ధతే. అందరూ మెచ్చుకుంటే, అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పకుండా నవ్వి ఊరుకున్నాను.

కొత్త బటన్ పరీక్షించడానికి ఆయనే ఒక పని రాశారు: "బిడ్డకు మామిడికాయ పప్పు." వాళ్ల ఇంటి నుంచి డబ్బా వచ్చింది. మెట్ల మీద కూర్చుని అడుగుదాకా ఊడ్చి తిన్నాను, నొక్కడం మరిచాను. కనబడినప్పుడల్లా ఆటపట్టించేవారు. "డబ్బా ఖాళీ చేసినవు గని, నా జేబు ఖాళీ చేస్తలేవు." రేపు నొక్కుతానండీ అనేదాన్ని.

నిరుడు కంపెనీకి కుర్ర మేనేజర్ వచ్చాడు. పెద్దాయనకు ఇకపై 'చూడటం మాత్రమే' ఉంచమని నాకు మెయిల్ వచ్చింది. ఆయనకు చెప్పారా అని అడగలేదు. మార్చేశాను. మర్నాడు ఆయనే ఫోన్ చేశారు.

"బిడ్డా, నా దాంట్ల బటన్లు కనబడ్తలేవు. ఖరాబైందా?"

"సర్వర్ ప్రాబ్లమ్ అండీ, చూస్తాను."

"నిమ్మళంగ చూడు. ఫికర్ చెయ్యకు."

మళ్లీ అడగలేదు. అన్నేళ్లు హీరోల సాకులు విన్న మనిషికి నా సాకు తెలియకుండా ఉంటుందా? నేనే ముఖం చెల్లక అటు వెళ్లడం మానేశాను. నిజం చెప్పి క్షమించమని అడగడానికి సంవత్సరం పట్టదు. నాకు సంవత్సరం కూడా చాలలేదు.

ఇవాళ తీసేద్దామని ఆయన అకౌంట్ తెరిచాను. ఆయన శుక్రవారం దాకా, రోజూ పొద్దున యాప్ తెరిచి చూసుకున్నారు. పనులన్నీ కుర్ర మేనేజర్ పేరుకు మారిపోయాయి. ఆయన పేజీలో మిగిలింది ఒకే ఒక్క వరుస, మామిడికాయ పప్పు. దాని పక్కన, 'ముట్టలేదు'. ఏమీ ముట్టుకోలేని ఆ పేజీలో ఆయన ఏడాదిపాటు రోజూ చూసింది అదే.

మధ్యాహ్నం అన్నం వేళకు నా పేజీలోకి వెళ్లి 'ముట్టింది' నొక్కాను. పద్ధతి ప్రకారం ఆ కబురు పని రాసిన మనిషి ఫోనుకు వెళుతుంది. యూసుఫ్‌గూడలో, ఆ ఇంట్లో ఏ గూట్లోనో పెట్టిన ఫోను ఒకసారి వెలిగి ఆరిపోయి ఉంటుంది.